చలివేంద్రంలో నీళ్ళు పోసేదెవరు?

రెండేళ్ళ క్రితం ఏప్రిల్లో నేనూ, మా బాబాయిల పిల్లలూ కలిసి నలుగురం తలా 2,000 వేసుకుని, మా ఊరి బస్టాండు దగ్గర తాతయ్య పేరున చలివేంద్రం పెట్టించాం. నలుగురిలో ముగ్గురం సాఫ్ట్‌వేరే, ఊళ్ళో ఒక్కడూ ఉండడు. తాటాకు పందిరి, నాలుగు కుండలు, తాతయ్య ఫొటోతో ఇంత పెద్ద ఫ్లెక్సీ. వాట్సాప్‌లో ఫొటోలొచ్చాయి, అందరం దండాల బొమ్మలు పెట్టేసి పనిలో పడిపోయాం. మూడు వారాలకి అమ్మ ఫోన్ చేసింది. "మీ తాతయ్య ఫొటో బానే ఉందిరా, కుండల్లోనే చుక్క నీళ్ళు లేవు."

మన భాషలో చెప్పాలంటే, రిలీజ్ ఘనంగా చేసి సపోర్ట్ టీమ్‌ని పెట్టడం మర్చిపోయాం.

ఆ సిగ్గుతోనే చలివేంద్రాల చరిత్ర తిరగేయడం మొదలెట్టాను. (కోడ్ పాడైతే పాత వెర్షన్లు చూడ్డం మనకి అలవాటే కదా!) క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు ఏడో స్తంభ శాసనంలో తను చేయించిన పనులు చెప్పుకుంటాడు. దారుల వెంట మర్రిచెట్లు, మామిడితోపులు, బావులు, మనుషులకీ పశువులకీ నీళ్ళు తాగే తావులు. వెంటనే, ఇదేమంత గొప్ప సంగతి కాదు, నాకు ముందు రాజులూ చేశారు అని కూడా తనే అంటాడు. ఫ్లెక్సీ వేయించిన మాకంటే ఎంతో నయం.

రాజులు పెట్టించారు సరే, మరి నీళ్ళు పోసిందెవరు? ఆ మనిషి నాకు గాథాసప్తశతిలో దొరికింది. శాతవాహన రాజు హాలుడి పేరున ఉన్న ప్రాకృత గాథల సంకలనం అది. అందులో ఒక బాటసారి దోసిలి పట్టి, ఆ అమ్మాయినే చూస్తూ, ఎక్కువసేపు ఉండొచ్చని వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారనిస్తుంటాడు. ఆవిడా తక్కువది కాదు, ధార సన్నం చేసేస్తుంది! సంస్కృతంలో చలివేంద్రాన్ని ప్రప అనీ, ఈమెని ప్రపాపాలిక అనీ అన్నారు. గాథ బావుంది గానీ, ఆ నీళ్ళు ఆమె ఎంత దూరం నుంచి మోసుకొచ్చిందో అందులో లేదు.

ఈ విషయంలో నాకు కృష్ణదేవరాయలు నచ్చాడు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట్లో కాలానికి తగ్గట్టు అతిథులకి వడ్డన జరుగుతుంది. వేసవిలో అయితే గోరువెచ్చని అన్నం, పల్చటి అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్ళు, చల్లటి సువాసన నీళ్ళు, నీళ్ళమజ్జిగ, ఊరగాయ. అదే వానాకాలం పద్యంలో ఇంటావిడ కళ్ళకి పొగ సోకకుండా కొబ్బరి పెచ్చులు రాజేసి వండటం ఉంటుంది. తినేవాళ్ళనే కాదు, వండే మనిషి కళ్ళని కూడా గమనించాడు చూశారా, మహారాజై ఉండీ!

తమిళ శాసనాలు ఇంకో మెట్టు పైన. ‘తణ్ణీర్ పందల్’ పెట్టించినవాళ్ళు, అక్కడ నీళ్ళు పోసేవాళ్ళ బతుకుతెరువుకి భూమి కూడా రాసిచ్చారు. అంటే మెయింటెనెన్స్ బడ్జెట్ అన్నమాట. మాకు తట్టనిది అదే.

పాతదంతా బంగారమని కాదు లెండి. ఈ జలదానపు పుణ్యం అందరి దోసిళ్ళలోనూ ఒకేలా పడలేదు. బ్రిటిష్ హయాంలో రైల్వేస్టేషన్లలో హిందువులకి వేరే నీళ్ళు, ముస్లింలకి వేరే నీళ్ళు. ఊరుమ్మడి చెరువులో నీళ్ళు తాగడానికి 1927లో మహద్‌లో అంబేద్కర్ వేలమందితో కదిలివెళ్ళాల్సొచ్చింది. తాకితే మైలన్న చోట కుండ ఎవరిది, చెంబు ఎవరి చేతిలో ఉంది అన్నదే అసలు ప్రశ్న.

ఇవన్నీ ఏసీ గదిలో కూర్చుని చదువుతుంటే కాలక్షేపంగానే ఉంటాయి. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వడదెబ్బకి 1,300 మందికి పైగా పోయారు, తెలంగాణలో 500 మందికి పైగా. ఎండలో పనికెళ్ళక తప్పని కూలీలు, ముసలివాళ్ళే వాళ్ళలో ఎక్కువ. అలాంటివాళ్ళ కోసమని పెట్టి, ఎండిన కుండలు చూపించామన్నమాట మేం.

పోయినేడాది ఫ్లెక్సీ మానేశాం. ఆ డబ్బుకి ఇంకొంత కలిపి రెండు నెలలకి ఒకావిడని జీతానికి పెట్టాం. మొదటిరోజే ఆవిడ అడిగిందట, "కుండలు కడగడానికి నీళ్ళెక్కణ్ణుంచి తేవాలమ్మా?" అని. నలుగురు చదువుకున్నవాళ్ళం, ఒక్కడికీ రాని ప్రశ్న. ఆదివారాలు ఆవిడకి సెలవు, ఆ రోజు అమ్మా, పిన్నీ వంతులేసుకుంటారు.

ఈ ఏడాది మే నెలలో ఊరెళ్ళినప్పుడు ఒక ఆదివారం అమ్మ వంతు నేను తీసుకున్నాను. మధ్యాహ్నం రెండయ్యేసరికి మూడు కుండలు ఖాళీ. ఒక కండక్టరు సీసాలు నింపుకుంటుంటే, గొర్రెలు తోలుకెళ్తున్న తాత ఒకాయన వచ్చి దోసిలి పట్టాడు. చెంబు వంచడం చేతకాక సగం నీళ్ళు ఆయన చొక్కా మీదే పోశాను. "పర్లేదు బాబూ, చల్లగుంది, ఇంకాసిని పొయ్యి" అన్నాడు.