ఇంటి చెత్త: నాటి లెక్క, నేటి లెక్క



ఇంట వాడి విడిచిన వస్తువులలో నూటి కెన్ని పాళ్లు తిరిగి యుపయోగమునకు వచ్చుచున్నవను లెక్క నేడు పెక్కు దేశములలో వేయబడుచున్నది. అమెరికాలో ఇండ్లనుండియు అంగళ్లనుండియు వచ్చిన చెత్తలో 1960లో తిరిగి పనికివచ్చినది నూటికి సుమారు 6 పాళ్లు. 2018 నాటికి 32 పాళ్లు. ఇంగ్లండులో గృహముల చెత్తలో ఈ పాళ్లు 2000-01లో 11. పిమ్మట ఇరువది యేండ్లకు సుమారు 44.

మఱి మన పెండ్లిమఱ్ఱి ప్రాంతపు పల్లెలలో పూర్వమెంత? ఆ లెక్క వ్రాసినవారు లేరు. పాఱవేయునదే స్వల్పము గనుక లెక్కతో పనియుండెడిది కాదు. చినిగిన కోక బొంతయయ్యెడిది. బొంత చినిగిన పేలికయయ్యెడిది. పేలిక మసిగుడ్డగా ముగిసెడిది. చిల్లిపడిన ఇత్తడి బిందెను కంచరికి తూచియిచ్చి క్రొత్తది గొనెడివారు. పాతకాగితములను నానబెట్టి, మెంతులు చేర్చి రుబ్బి, గంపలకు మెత్తెడివారు. కడుగునీళ్లు కుడితికి, బూడిద అంట్లకు, పేడయు కసవును దిబ్బకు, దిబ్బ చేనికి చేరెడివి.

ఇదంతయు సద్బుద్ధి వలననే జరిగినదనరాదు. వస్తువు ప్రియము, ఇంటి ఆడువారి శ్రమకు వెల లేదు. లేమి నేర్పిన పొదుపు గూడ నందు గలదు. కాని ఆ పొదుపు భూమికి మేలుచేసెను.

ప్లాస్టిక్కు వచ్చిన పిదప ఈ క్రమము చెడినది. లోకమున 2015 వఱకు చెత్తయైన ప్లాస్టిక్కులో తిరిగి వాడుకకు వచ్చినది నూటికి 9 పాళ్లేయని శాస్త్రజ్ఞులు 2017లో గణించిరి. కోక మన్నులో కలియును, ఇత్తడి కరగును, కవరు కుళ్లదు. దిబ్బలో కవర్లు కలిసినచో ఆ యెరువు చేనికి చేటు. ఆవు మ్రింగినచో కవరు కడుపులో నిలిచి దాని ప్రాణమునకే ముప్పు తెచ్చును.

తడిచెత్త, పొడిచెత్త, హానికరమైన చెత్త వేఱుచేయవలెనని 2016లో భారత ప్రభుత్వము నియమములు చేసినది. ఇది మనకు క్రొత్త విద్య కాదు. కుడితితొట్టి, దిబ్బ, కంచరి మూట వేఱుగ నుంచిన యిండ్లే మనవి.

లెక్కలు చెప్పిన పంతులను గనుక ఒక్కమాట. నూటి కెంతయను లెక్క గడపదాటిన చెత్తకే గాని, గడపలోపల నిలిచిన వస్తువునకు గాదు. కావున పెద్దలారా! ఆ లెక్క నెక్కని పొదుపును మనుమలకు నేర్పుడు. ముందుగా దిబ్బలో కవరు పడకుండ కాపాడుడు. దిబ్బ చెడినచో చేను చెడును.