తుపాను హెచ్చరిక – ప్రజావిశ్వాసం: కృష్ణా డెల్టా అనుభవం (1977–1990)

1. ఉపోద్ఘాతం:
విమానాల రాకపోకల నియంత్రణ అయినా, తుపాను హెచ్చరిక అయినా, రాడార్ ఆధారంగా నడిచే రక్షణ వ్యవస్థకు రెండు పరీక్షలుంటాయి. మొదటిది యంత్రం సరిగా పనిచేయడం. రెండవది దాని మాటను నమ్మి మనుషులు నడుచుకోవడం. విమానంలో ఆ మాట వినేది శిక్షణ పొందిన పైలట్. తీరగ్రామంలో వినేది ఇల్లు, పశువులు, పంట వదిలి వెళ్ళవలసిన కుటుంబం. అందువల్ల అక్కడ రెండవ పరీక్ష మరింత కఠినమైనది. కృష్ణా డెల్టాను 1977లోనూ 1990లోనూ తాకిన రెండు తుపానులను పోల్చి చూస్తే ఈ విషయం స్పష్టమవుతుంది.

2. 1977 నాటి స్థితి:
ఈ తీరానికి ఉప్పెన కొత్తది కాదు. 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించారు. ఆ తరువాతి శతాబ్దంలో సమాచార సాధనాలు పెరిగాయి. 1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. 1970లో విశాఖపట్నంలో తుపానులను గుర్తించే రాడార్ ఏర్పడింది. కనుక 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడే నాటికి పరికరాలు లేవనడం సరికాదు. వాతావరణ శాఖ హెచ్చరికలు కూడా వెలువడ్డాయి. లోపం ఆ హెచ్చరిక ప్రయాణించిన దారిలో ఉంది. అది జిల్లా కేంద్రం నుంచి తాలూకాకు, తాలూకా నుంచి గ్రామానికి చేరాలి. గాలికి తంతి తీగలు తెగితే మధ్యలోనే ఆగిపోతుంది. రేడియోలో వినిపించే తుపాను వార్తను ఏటా చూసే గాలివానగా భావించడం సహజం. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం ఊళ్ళ మీదికి వస్తుందన్న ఊహ ఆ వార్తతో కలగదు. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి గ్రామాలు తుడిచిపెట్టుకుపోయాయి. మృతుల సంఖ్య సుమారు 10,000గా నమోదైంది.

3. కొత్త వ్యవస్థ ప్రవేశం:
1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహ ప్రయోగం జరిగింది. దాని ద్వారా తుపాను హెచ్చరికలను నేరుగా తీరప్రాంతాలకు పంపే పద్ధతి ఆ దశాబ్దం మధ్యలో ఆంధ్ర, ఉత్తర తమిళనాడు తీరాల్లో ఆరంభమైంది. రిసీవర్ అమర్చిన చోట ముందుగా సైరన్ మోగుతుంది. ఆపై ప్రాంతీయ భాషలో హెచ్చరిక వినిపిస్తుంది. ముప్పు ఉన్న ప్రాంతపు రిసీవర్లను మాత్రమే ఎంచుకొని మోగించే వీలుండడం ఇందులో ముఖ్యాంశం. అవసరం లేని చోట పదే పదే మోగే హెచ్చరికను జనం పట్టించుకోవడం మానేస్తారు. మరొక అంశం కూడా గమనార్హం. కొత్త పద్ధతి వచ్చినంత మాత్రాన రేడియో, పోలీసు వైర్‌లెస్, ఊరి టముకు తొలగిపోలేదు. ఒకే కబురు పలు దారుల్లో వచ్చినప్పుడు దానిని అనుమానించే అవకాశం తగ్గుతుంది.

4. 1990 పరీక్ష:
1990 మే 9న దాదాపు అంతే తీవ్రమైన తుపాను కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటింది. ముందుగానే 6 లక్షలకు పైగా ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించారు. మరణాలు 1,000 లోపుగా నమోదయ్యాయి. ఈ తేడాను ఉపగ్రహానికే ఆపాదించడం తొందరపాటు అవుతుంది. 1977 తరువాత తీరంలో కట్టిన తుపాను రక్షణ భవనాలు, తరలింపుకు దిగిన అధికార యంత్రాంగం, దివిసీమ విషాదపు తాజా జ్ఞాపకం కూడా ఇందులో పాలుపంచుకున్నాయి. హెచ్చరిక విన్న కుటుంబానికి వెళ్ళడానికి వాహనం, తలదాచుకోవడానికి కప్పు కనిపించినప్పుడే ఆ మాట ఆచరణీయమవుతుంది.

5. ముగింపు:
ఇలా లభించిన విశ్వాసం శాశ్వతం కాదు. 1996 నవంబరు 6న పొరుగునే ఉన్న గోదావరి డెల్టాలో, కోనసీమను తాకిన తుపానులో మళ్ళీ వెయ్యికి పైగా ప్రాణాలు పోయాయి. అప్పటికి ఉపగ్రహ హెచ్చరిక పద్ధతి అమలులోనే ఉంది. కాబట్టి ఇటువంటి వ్యవస్థల చరిత్రను పరికరాల స్థాపన తేదీలతో మాత్రమే రాయడం చాలదు. హెచ్చరిక చివరి ఇంటికి ఏ భాషలో, ఎవరి నోట, ఎంత ముందుగా చేరింది, విన్నవారికి కదిలే వీలుందా అన్న ప్రశ్నలు కూడా ఆ చరిత్రలో భాగం కావాలి.