పెయింటు కలుపుట, పలుచన చేయుట, నిల్వ

పెయింటు (వాడుకలో రంగు) అనగా గోడలు, తలుపులు, ఇనుప వస్తువులపై పూతగా వేసి ఆరనిచ్చు ద్రవపదార్థము. ఇందు ముఖ్యముగా మూడు భాగములు కలవు. రంగునిచ్చు పొడిని వర్ణకమనియు, ఆ పొడిని ఉపరితలమునకు అంటించి పట్టి ఉంచు పదార్థమును బంధకమనియు, ఈ రెంటిని పూయుటకు అనువుగా పలుచన చేయు ద్రవమును ద్రావణి అనియు అందురు. పూత ఆరునప్పుడు ద్రావణి ఆవిరైపోవును. గోడపై నిలుచునవి మొదటి రెండే. కావున ద్రావణిని అతిగా కలిపినచో రంగు ఎక్కువ మేర వచ్చినట్లు కనిపించినను, నిలుచు పొర పలుచబడి త్వరగా వెలిసిపోవును.

కలుపుట

వర్ణకము బరువైనది అగుటచే డబ్బా అడుగున పేరుకొనును. పైపైన కలిపి వాడినచో మొదటి గోడ ఒక ఛాయలో, చివరి గోడ మరొక ఛాయలో వచ్చును. పైనున్న ద్రవమును కొంత వేరొక పాత్రలోనికి వంచి, అడుగు ముద్దను వెడల్పు కర్రబద్దతో గీకి మెదిపి, వంచిన ద్రవమును కొద్దికొద్దిగా తిరిగి చేర్చవలెను. ఒకే గదికి పలు డబ్బాలు వాడునప్పుడు అన్నిటిని పెద్ద బకెట్టులో కలుపుకొనుట మేలు. వార్నిషును మాత్రము గిలకొట్టరాదు. గాలిబుడగలు పూతలో నిలిచిపోవును.

పలుచన చేయుట

ఎమల్షను, డిస్టెంపరులకు నీరు, ఎనామెలుకు టర్పెంటైను, నైట్రోసెల్యులోజు లాకరుకు దాని ప్రత్యేక థిన్నరు వాడుదురు. లాకరు థిన్నరు ఘాటైనది. ఎనామెలులో పోసినచో కింది పాత పూత పొంగి లేచిపోవచ్చును. ఖర్చు తగ్గునని కొందరు ఎనామెలులో కిరోసిన్ కలుపుదురు. అది నెమ్మదిగా ఆవిరగుటచే పూత చాలాకాలము జిగటగా ఉండి, దుమ్ము అంటి, మెరుపు తగ్గును. ఈ పొదుపు పొదుపు కాదు. పాళ్ళు డబ్బాపై ముద్రించబడి ఉండును.

నిల్వ

ఎనామెలులోని బంధకము గాలిలోని ఆక్సిజనుతో చర్య జరిపి గట్టిపడును. అందుచే సగము ఖాళీ అయిన డబ్బాలో పాలపై మీగడ వలె తెట్టు కట్టును. దానిని కలిపివేయక, తీసివేసి రంగును పలుచని గుడ్డలో వడకట్టవలెను. మిగిలిన రంగును చిన్న డబ్బాలో నిండుగా పోసి, అంచులు తుడిచి మూత బిగించినచో ఎక్కువ కాలముండును. ఎమల్షనుకు సూక్ష్మజీవుల బెడద ఎక్కువ. కుళ్ళు వాసన వచ్చినదానిని వాడరాదు. భారతదేశములో 2017 నవంబరు 1 నుండి ఇంటి రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదు. అంతకు ముందటి పాత డబ్బాలను వాడకుండుటే మంచిది.

ప్రమాదములు

అవిసె నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి పడవేసినచో, ఆక్సిజనుతో జరుగు చర్య వలన లోపల వేడి పెరిగి వాటంతటవే అంటుకొనగలవు. 1991 ఫిబ్రవరి 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 38 అంతస్తుల వన్ మెరిడియన్ ప్లాజా భవనము ఇట్టి గుడ్డల వలననే తగలబడినది. ముగ్గురు అగ్నిమాపక సిబ్బంది మరణించిరి. గుడ్డలను విడివిడిగా ఆరుబయట పరచి ఆరనివ్వవలెను, లేదా నీటిలో ముంచి మూతగల లోహపు డబ్బాలో వేయవలెను.

టర్పెంటైను, థిన్నరులను కూల్‌డ్రింకు సీసాలలో ఎన్నడును పోసి ఉంచరాదు. పిల్లలు పొరపాటున తాగినచో వాంతి చేయించరాదు. ద్రవము ఊపిరితిత్తులలోనికి చేరి ప్రాణాపాయము కలుగును. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి, సీసాను కూడా వైద్యునికి చూపవలెను.