టీకా ఎవరికి, సంతకం ఎవరిది?

మన పెద్దవాళ్లు మశూచిని అమ్మవారని పిలిచి మొక్కుకునేవారు. ఆ జబ్బు ఇవాళ లోకంలోనే లేదు. పోలియోతో కాలు చచ్చుబడిన పసిపిల్లలు ఇప్పుడు మన గూడేల్లో కనిపించరు. ఇదంతా టీకా చేసిన మేలు. ఈ మాట ముందుగా చెప్పుకోవాలి. ఎందుకంటే టీకా వల్ల నష్టపోయిన వాళ్ల గురించి మాట్లాడితే చాలు, టీకాలకే వ్యతిరేకమని ముద్ర వేసేవాళ్లున్నారు. మనం అడిగేది వేరు. అందరి మేలు కోసం చేయి చాపిన పిల్లకు ఏదైనా జరిగితే, ఆ భారం ఎవరు మోయాలి?

ఈ ప్రశ్న మన గడప దాకా వచ్చింది 2009లో. ఆ ఏడాది జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా మూడు డోసుల టీకా వేయడం మొదలైంది. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన పని అది. దాదాపు 14 వేల మంది పిల్లలకు సూది వేశారు. వాళ్లలో చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదువుకునే మన పిల్లలే. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇలాంటి పనే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు ఆడపిల్లలు చనిపోయారని బయటికి రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపించింది.

కేంద్రం వేసిన విచారణ కమిటీ ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని చెప్పింది. ఇదే టీకాను చాలా దేశాలు ఇవాళ ఆడపిల్లలకు వేస్తున్నాయి. కాబట్టి 'టీకానే చంపింది' అని మనం రాయం. కానీ అక్కడితో కథ ముగిసిందనీ అనలేం. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం తన నివేదికలో అనుమతి పత్రాల సంగతి బయటపెట్టింది. మన రాష్ట్రంలో చూసిన 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. చేయి చాపింది పిల్ల, సంతకం పెట్టింది వార్డెన్. గూడెంలో ఉన్న తల్లికి చాలాచోట్ల కబురే లేదు. ఏదైనా తేడా చేస్తే వెంటనే నిపుణులైన డాక్టర్లు చూసే ఏర్పాటు కూడా లేదని ఆ సంఘం తప్పుపట్టింది.

ఇంకో సంగతి ఉంది. ఆ పనికి 'ప్రయోగం' అని పేరు పెట్టలేదు, 'ప్రదర్శన ప్రాజెక్టు' అన్నారు. ప్రయోగానికుండే నియమాలను తప్పించుకోవడానికే ఆ పేరు అని పార్లమెంటు సంఘం అభిప్రాయపడింది. పేరు మారితే ఏమవుతుందో తెలుసుకోవాలంటే పరిహారం చరిత్ర కొంచెం తెలియాలి.

టీకా వల్ల నష్టపోయిన వాళ్లకు డబ్బు కట్టివ్వాలన్న ఆలోచన కొత్తది కాదు. జర్మనీలో అప్పట్లో మశూచి టీకా తప్పనిసరిగా ఉండేది. దానివల్ల దెబ్బతిన్న మనిషి సమాజం కోసం త్యాగం చేసినట్టేనని, సర్కారు పరిహారం ఇవ్వాలని అక్కడి ఉన్నత న్యాయస్థానం 1953లో తేల్చింది. 1961లో దాన్ని చట్టంలో పెట్టారు.

అమెరికాలో 1955లో కట్టర్ అనే కంపెనీ తయారుచేసిన పోలియో టీకాలో వైరస్ పూర్తిగా చావకుండా మిగిలిపోయింది. సుమారు 200 మంది పిల్లలకు పక్షవాతం వచ్చింది, 10 మంది చనిపోయారు. 1958లో జ్యూరీ ఒక వింత తీర్పు చెప్పింది. కంపెనీ అజాగ్రత్తగా ఉందని రుజువు కాలేదు, అయినా డబ్బు కట్టాల్సిందే అంది. తప్పు ఎవరిదో తేలకపోయినా నష్టపోయినవాణ్ణి వదిలేయకూడదన్న మాట అలా గట్టిపడింది. తర్వాత కేసులు పెరిగి, కంపెనీలు టీకాల తయారీనే మానుకునే పరిస్థితి రావడంతో 1986లో ప్రత్యేక చట్టం చేశారు. ఒక్కో జబ్బు టీకా డోసు మీద 75 సెంట్ల పన్ను వేసి నిధి పెట్టారు. ఏ టీకా తర్వాత ఎన్నాళ్లలో ఏ నష్టం కనిపిస్తే పరిహారానికి అర్హులో ఒక పట్టిక ఉంటుంది. ఆ పట్టికలో ఉన్నదే జరిగితే, దానికి టీకానే కారణమని బాధితుడు వేరే రుజువు చూపనక్కర్లేదు. బ్రిటన్‌లో 1979లో చట్టం వచ్చింది. మొదట 10 వేల పౌండ్లు ఇచ్చేవారు, తర్వాత అది లక్షా 20 వేలకు పెరిగింది.

మన దేశంలో? మందుల ప్రయోగాల్లో నష్టపోయిన వాళ్లకు వైద్యం, పరిహారం ఇవ్వాలని 2013లో నియమాలొచ్చాయి. 2019 నియమాలు వాటిని ఇంకా వివరంగా చెప్పాయి. కానీ ఇవి ప్రయోగాలకే. అనుమతి పొందిన టీకాను మామూలు కార్యక్రమంలో వేస్తే ఇలాంటి చట్టం లేదు. పేరులో ఏముంది అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. కరోనా టీకా తర్వాత బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు వెళ్తే, 2022 నవంబరులో కేంద్రం ఏమని జవాబిచ్చింది? టీకా ఎవరి ఇష్టం మీద వాళ్లు వేసుకున్నదని, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు పోవచ్చని చెప్పింది.

సివిల్ కోర్టుకు పోవచ్చు. కానీ ఎవరు పోగలరు? వాగు దాటి, బస్సెక్కి, కూలి పోగొట్టుకుని, వకీలు ఫీజు కట్టి, టీకానే కారణమని డాక్టర్ల భాషలో రుజువు చేయగల కుటుంబం మన గూడెంలో ఎన్ని ఉన్నాయి? ఇష్టం మీద వేసుకున్నారనే మాట కూడా మనకు అతకదు. వార్డెన్ సంతకంలో తల్లి ఇష్టం ఎక్కడుంది? ఖమ్మం వ్యవహారంపై 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లిన వ్యాజ్యంలో, పార్లమెంటు సంఘం నివేదికను కోర్టు చూడవచ్చా లేదా అన్న ఒక్క ప్రశ్న తేలడానికే 2018 మే వరకు పట్టింది. చూడవచ్చని రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ ఆరేళ్లలో ఆనాటి పిల్లలు పెళ్లీడుకొచ్చేశారు.

అందుకే మేం అడిగేది ఒక చట్టం. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగకుండా, జిల్లా స్థాయిలోనే, మన భాషలో దరఖాస్తు పెట్టుకుంటే వైద్యం, పరిహారం అందించే చట్టం. అలాంటి చట్టం ఉంటే టీకా మీద నమ్మకం పెరుగుతుందే గానీ తగ్గదు.

చట్టం వచ్చేలోగా చేతిలో ఉన్న పని చేద్దాం. ఉపాధ్యాయులకు మా విన్నపం: బడిలో ఏ సూది వేసినా ముందు తల్లిదండ్రులకు కోయలోనో, గోండిలోనో, లంబాడీలోనో, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో చెప్పండి. వాళ్ల బదులు సంతకం పెట్టకండి. చదువుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, టీకా కార్డు దాచండి. తేదీ, టీకా పేరు, సీసా మీది బ్యాచ్ నంబరు నోటుబుక్కులో రాసిపెట్టండి. జ్వరమో, ఫిట్సో వస్తే ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు అదే రోజు చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాయించండి. కాగితం లేని బాధను ఏ కోర్టూ వినదు. 2009లో మన కాగితాలు వేరేవాళ్ల చేతుల్లో ఉన్నాయి. ఇకమీదట అవి మన ఇంట్లో ఉండాలి.