నల్లరేగడి సీమ తెలుగును - సింప్యూటరు చరిత్రయు

కోవిల్పట్టికి దక్షిణమున, మణియాచ్చికి పోవు రైలుమార్గమున కడంబూరు అను పట్టణము కలదు. దాని చుట్టునుగల నల్లరేగడి నేలలలో విజయనగర రాజుల కాలమునను, మధుర నాయకరాజుల కాలమునను వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. వీరి యిండ్లలో తెలుగు వినబడును; వ్రాతకోతలు మాత్రము తమిళమున సాగును. కోవిల్పట్టి సమీపమునందలి ఇడైసేవల్ గ్రామమున జన్మించిన కి. రాజనారాయణన్ దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము. ఆయన మాతృభాష తెలుగు. తెలుగువారి వలసగాథను ఆయన నవలగా రచించినది తమిళమున. ఆ కథకు కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను నవలకు 1991లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. 2006 నాటి తమిళ అధ్యయన చట్టముచే పాఠశాలలలో తమిళము నిర్బంధ భాషయైన పిదప తెలుగు లిపికి మిగిలిన చోటు మరింత తగ్గినది.

మాట వచ్చియు లిపి రాని జనమునకు యంత్రము లిపిద్వారముననే విద్య నందించినచో ప్రయోజన మల్పము. ఈ చిక్కును ముందుగా గుర్తించి కంప్యూటరును నిర్మింపజూచిన ప్రయత్నములలో బెంగళూరున పుట్టిన సింప్యూటరు ముఖ్యమైనది.

1998 అక్టోబరులో బెంగళూరున వర్ధమాన దేశముల సమాచార సాంకేతికతను గూర్చి ఒక సదస్సు జరిగెను. నిరక్షరాస్యులకును ఉపయోగపడు చౌక యంత్రము కావలెనను ఆలోచన అచ్చట రూపుదాల్చెను. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన విజయ్ చంద్రు, స్వామి మనోహర్, రమేశ్ హరిహరన్, వి. వినయ్ గారలును, ఎన్‌కోర్ సంస్థకు చెందిన వినయ్ దేశ్‌పాండే మున్నగువారును కలిసి సింప్యూటర్ ట్రస్టు నేర్పరచిరి. 2001 ఏప్రిలులో నమూనా యంత్రమును ప్రజలకు చూపిరి. ‘సరళము, చౌక, బహుభాషామయము, ప్రజలది’ అను భావములు గల ఆంగ్లపదముల తొలి యక్షరముల నుండి దాని పేరు పుట్టినది.

అది అరచేతిలో ఇమిడెడి యంత్రము. అందు 206 మెగాహెర్ట్‌జుల వేగము గల స్ట్రాంగ్ ఆర్మ్ ప్రాసెసరును, తాకినచో పలుకు చిన్న తెరయు నుండెను. కీబోర్డు లేదు, గుండ్రని పళ్లెముల డిస్కును లేదు. స్మార్టు కార్డు చొప్పించుటకు ఒక రంధ్ర ముండెను. యంత్రమును ఒక్కొక్కరు కొనలేకపోయినను, ఊరంతయు ఒకదానిని పంచుకొని ఎవరి సమాచారమును వారి వారి కార్డులో దాచుకొనవచ్చునని నిర్మాతల యూహ. పంచుకొనుటకు ఉద్దేశించిన యంత్రమను మాట దీనికి చక్కగా తగును.

ఈ యంత్రమునకు ప్రాణము లినక్సు. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ కెర్నెలునకు రుసుము లేదు. దాని మూలరచన అందరికిని బహిరంగము. చౌకదనమొక్కటే దీని గుణమని తలచుట పొరపాటు. వ్యాపారసంస్థ ఒక భాషను చేర్చుటకు ముందు కొనుగోలుదారుల సంఖ్యను లెక్కించును. మూలరచన చేతనున్నప్పుడు కొలదిమంది మాటలాడు భాషవారును తమకు వలసిన మార్పును తామే చేసికొనగలరు. సింప్యూటరు నిర్మాతలు ఈ న్యాయమును యంత్రభాగముల నమూనాలకును వర్తింపజేయుటకై ప్రత్యేక అనుమతి పత్రమును రూపొందించిరి.

వ్రాసినదానిని చదివి వినిపించు ‘ధ్వని’ అను ప్రోగ్రాము రమేశ్ హరిహరన్ గారి ఆధ్వర్యమున తయారైనది. తరువాత అది స్వేచ్ఛా ప్రోగ్రాముగా విస్తరించినప్పుడు తెలుగును చేరినది. లిపి రానివారికి ఇది ముఖ్యమైన మెట్టు. తెరపై తెలుగును సరిగా చూపుట సయితము సులభకార్యము కాదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పుననే తెలుగునకు స్థానము లభించినను, ‘స్త్రీ’ అను ఒక్క అక్షరమునకు ఆరు సంకేతములు కావలెను: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారము. వీనిని వరుసగా పేర్చిన చాలదు. ఒత్తులను క్రిందను ప్రక్కను అమర్చు మరియొక ప్రోగ్రాము కూడ అవసరము.

2004లో భారత్ ఎలక్ట్రానిక్స్, పికోపేటా సంస్థలు ‘అమీడా’ అను పేర దీనిని విక్రయమునకు తెచ్చినవి. వెల సుమారు పదివేల రూపాయలు మొదలుకొని యుండెను. అమ్మకము ఆశించినంత సాగలేదు. చేతి టెలిఫోనులు నానాటికి చౌకయగుటయు, ప్రభుత్వపు కొనుగోళ్లు మందగించుటయు ఇందుకు కారణములు. యంత్రము మరుగుపడినను దాని భావము మరుగుపడలేదు. 2012 ఫిబ్రవరిలో ఇంగ్లండునుండి వెలువడిన రాస్బెర్రీ పై అను చిన్న పలక 35 డాలర్లకే లభించెను. మెమరీ కార్డుపై లినక్సు నెక్కించి టెలివిజనునకు తగిలించినచో అది పూర్తి కంప్యూటరగును. చెన్నైలో సీడాక్ సంస్థ డెబియన్ ఆధారముగా రూపొందించిన ‘బాస్’ అను లినక్సు కూడ తెలుగును పలుకును.

నిరక్షరాస్యునికై సింప్యూటరు నిర్మాతలు వెదకిన సాధనము, తమిళము చక్కగా చదివియు తెలుగు చదువలేని కడంబూరు తెలుగువానికిని సరిపోవును. అతడు అక్షరాస్యుడే, తన భాషయందు మాత్రమే నిరక్షరాస్యుడు. చౌక పలక, ఉచితమైన లినక్సు, పలికెడి ధ్వని - ఈ మూడును నేడు సిద్ధముగ నున్నవి. ఇక ఈ సీమ పల్లెల తెలుగు పలుకులను సేకరించి ఆ యంత్రమునకు అందించు పని మిగిలియున్నది. ఆ పలుకులెరిగిన పెద్దలు జీవించియుండగనే అది సాగవలెను.