మదనపల్లె పల్లెలలో ఛాయాపరీక్ష



మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము మీరెరుగనిది కాదు. 1915వ సంవత్సరమున క్రైస్తవ మిషనులవా రచ్చట క్షయరోగులకు శానిటోరియమును నెలకొల్పిరి. డెన్మార్కు దేశీయుడగు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలరు దానికి ప్రథమాధికారి. నాటికి క్షయను మాన్పు మందు లేదు. శుభ్రమైన గాలి, విశ్రాంతి, పుష్టికరాహారము, ఇవియే చికిత్స.

1895లో జర్మనీదేశమున రంట్‌జెను కనిపెట్టిన ఎక్సు-రే కిరణములు వైద్యునకు రొమ్ములోపలి నీడను జూపెను. నీడను జూచి రోగము నూహించుట మన తార్కికులు పొగను జూచి నిప్పు నూహించుట వంటిది. అయితే ఆవిరిని పొగయని భ్రమించినవాని గతి యేమి?

1950లో ఆరోగ్యవరపు వైద్యులు, యొహానెస్ ఫ్రిమోట్-మోలరు నాయకత్వమున, రోగి వచ్చువరకు వేచియుండక తామే చుట్టుపట్ల పల్లెలకు బయలుదేరిరి. ఈ పరిశోధన అయిదేండ్లు సాగెను. దాని నివేదిక 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడెను. 1936లో బ్రెజిలు దేశపు డాక్టరు అబ్రూ కల్పించిన చిన్నఫిలుము పద్ధతివలన వేలకొలది జనులను స్వల్పవ్యయముతో పరీక్షించుట సాధ్యమయ్యెను.

ఇట్టి పరీక్షలకు క్రమమే ప్రాణము. మొదట ఇంటింటి జనసంఖ్య వ్రాసికొని, ఒక్కొక్కరి కొక సంఖ్య నీయవలెను. లేనిచో ఒకని ఛాయ మరియొకని పేర జేరును. చేతికి ట్యూబర్క్యులిను సూది వేసి, మూడవనాడు వాపును కొలువవలెను. పిమ్మట ఛాయాచిత్రము. మెడలోని నగలు, తాయెతులు తొలగింపవలెను. లోహపు నీడ మచ్చవలె కానవచ్చును. గడ్డ మెత్తి, భుజములు ముందునకు వంచి నిలువవలెను; లేనిచో వీపునందలి రెక్కయెముకలు ఊపిరితిత్తుల కడ్డుపడును. నిండుగా ఊపిరి పీల్చి బిగబట్టవలెను. మసకపడిన ఫిలుమును మరల తీయవలసినదే.

అంతటితో తీరునా? 1947లో అమెరికాలో పన్నెండువందలకు పైబడిన జనుల ఛాయాచిత్రములను అయిదుగురు నిపుణులు వేరువేరుగా చదివిరి. వారి తీర్పులు కలియలేదు. కొంతకాలమునకు మరల చూపినప్పుడు ఒక్కొక్కరు తమ మొదటి తీర్పుతోనే విభేదించిరి! బడిపంతులుగా పరీక్షపత్రములు దిద్దిన నాకిది వింతగా తోచలేదు. ఉదయమున నలువది మార్కు లిచ్చిన కాగితమునకు సాయంకాలము ముప్పదియే యిచ్చిన సందర్భములు కలవు. అందుచే ఒకరి తీర్పు మరియొకరికి తెలియకుండ ఇరువురు చదువుట, భేదము వచ్చినచో మూడవవాడు చూచుట, సందేహము కలిగినవారి కఫమును సూక్ష్మదర్శినిలో పరీక్షించుట నియమములైనవి.

పల్లెలో క్షయయని పేరుపడినచో పెండ్లి తప్పును, చెంబు వేరగును. రోగి తప్పిపోయెనా, మనుమల కంటుకొనును. ఆ నియమముల కింత పట్టుదల అందుకే.

1955 మొదలు 1958 వరకు దేశమున ఆరు కేంద్రములనుండి క్షయరోగపు లెక్క తీసిరి. అందు మదనపల్లె యొకటి, హైదరాబాదు మరియొకటి. క్షయ పట్టణముల జాడ్యమని అంతవరకు పలువురి నమ్మకము. పల్లెలలోను దాదాపు అంతయే కలదని తేలెను.

నేటి యంత్రములలో ఏ భాగమునకు ఎంత కిరణశక్తి, ఎంత కాలమనునది ముందే అమర్చియుండును. కంప్యూటరు ఒక్కొక్క మెట్టును తెరపై చూపును. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పదునైదేండ్లు నిండినవారి రొమ్ముచిత్రములను కంప్యూటరుచేత చదివించుటకును సమ్మతించినది. అయినను గడ్డ మెత్తి ఊపిరి బిగబట్టుడని చెప్పుటకు, కఫము నడుగుటకు మనిషి యుండవలసినదే.