దువ్వాడ నుంచి చూస్తే సునాద సంవత్సరం

దువ్వాడ మా ఊరు కాదు. అయినా ఏజెన్సీలో ఈ స్టేషను పేరు ఎరగని ఇల్లు తక్కువ. విశాఖ లోపలికి వెళ్లి ఇంజను మార్చుకునే పని లేకుండా కొన్ని దూరపు రైళ్లు దువ్వాడ మీదుగానే పోతాయి. చింతపల్లి నుంచి నర్సీపట్నం, అనకాపల్లి దాటి వచ్చి, దక్షిణాదికి పనికి పోయే మా పిల్లలు రైలెక్కేది ఇక్కడే. కొందరు అంత దూరం పోరు. కూర్మన్నపాలెంలో నలుగురు కలిసి ఒక గది తీసుకుని, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు కింద కూలికి చేరతారు.

అలా చేరిన మావాడొకడికి మూడు నెలల కూలి ఆగిపోయింది. అడిగితే "బిల్లు పాసవ్వలేదు" అన్నారు. ఆ గదిలో బైబిలు చదివే పెద్దాయన ఒకరున్నారు. ఆయన ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగో అధ్యాయం తీసి చదివి వినిపించారు. కూలివాడు నీ సోదరుడైనా, నీ దేశంలో ఉంటున్న పరదేశి అయినా, పొద్దు గూకకముందే అతని కూలి అతనికిచ్చెయ్యాలన్నది అక్కడి ఆజ్ఞ. బిల్లు పాసయ్యాక అని లేదు. మాలో బైబిలు చదివేవాళ్లున్నారు, కొండదేవతలకు మొక్కేవాళ్లున్నారు, రెండూ చేసేవాళ్లూ ఉన్నారు. ఆ రాత్రి మాత్రం అందరమూ ఆ పుస్తకం చుట్టూ చేరాం. ఈ వ్యాసం అక్కడే మొదలైంది.

"నిన్ను నువ్వు ప్రేమించుకున్నట్టే నీ పొరుగువాణ్ణి ప్రేమించు" అనే మాటను అందరూ యేసు మాటగానే చెప్పుకుంటారు. అది అంతకంటే పాతది, లేవీయకాండం పంతొమ్మిదో అధ్యాయంలోది. అక్కడ దాని ముందూ వెనుకా ఏముందో చూస్తే మాకు ఆశ్చర్యం వేసింది. ముందు పొలం మూలలు కోయకుండా వదలమని, పరిగె బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టమని ఉంది. కూలివాడి కూలి తెల్లవార్లూ నీ దగ్గర పెట్టుకోవద్దని ఉంది. తీర్పులో బీదవాడని జాలిపడి గాని, గొప్పవాడని మొహమాటపడి గాని పక్షపాతం చూపొద్దని ఉంది. ఆ తర్వాతే పొరుగువాడి మాట వస్తుంది. అధ్యాయం చివరికి వచ్చేసరికి తక్కెడ, తూనికరాళ్లు, కొలపాత్రలు సరిగ్గా ఉండాలన్న ఆజ్ఞ. అంటే ఆ ధర్మశాస్త్రంలో పొరుగువాడి మీద ప్రేమ కొలతలో, కూలిలో, పొలం గట్టు మీద కనబడాల్సిన పని.

కొలత అంటే ఏమిటో ఏజెన్సీలో ఎవరూ మాకు చెప్పనక్కర్లేదు. సంతలో షావుకారు కొనే కుంచం వేరు, అమ్మే కుంచం వేరు అని మా అవ్వలు చెప్పేవాళ్లు. ఉప్పూ బట్టా అప్పుగా ఇచ్చి, ఇంకా చెట్టు మీదే ఉన్న చింతపండును, భూమిలోనే ఉన్న పసుపును ముందే రాయించుకునేవాళ్లు. అప్పు తీరకపోతే మనిషే గొత్తికి పోవాలి. ఆ కట్టుబానిసత్వాన్ని రద్దు చేస్తూ మద్రాసు ప్రభుత్వం 1940లో రెగ్యులేషన్ తెచ్చింది. వ్యాపారుల చేతుల్లోంచి సంతను కొంతైనా విడిపించాలని 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ పెట్టారు.

కూలి సంగతీ అంతే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకు కొండవాళ్లను బలవంతంగా తోలి, సరైన కూలి ఇవ్వకపోవడం 1922 తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డవాళ్ల కోపం వెనుక ఆ బాకీ కూడా ఉంది.

పాత నిబంధనలో మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినది మాత్రం లేవీయకాండం ఇరవై ఐదో అధ్యాయం. అందులో ఏడేళ్లకోసారి భూమికి విశ్రాంతి ఉంది. పోడు కొట్టిన కొండను కొన్నేళ్లు వదిలి అడవిని మళ్లీ పెరగనిచ్చిన మా తాతలకు ఇది కొత్త సంగతి కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు హద్దులు గీశాక ఆ తిరుగుడు సాగలేదు. ఏడేళ్లు ఏడుసార్లు గడిచాక, యాభయ్యో ఏట కొమ్ము ఊదుతారు. తెలుగు బైబిలు దాన్ని సునాదం అంది. ఆ ఏడు అమ్ముడుపోయిన పొలం తిరిగి పాత కుటుంబానికి చేరాలి, అప్పు కింద దాసుడైనవాడు తన ఇంటికి పోవాలి. భూమి దేవుడిది, మీరు అందులో అతిథులు, కాబట్టి శాశ్వతంగా అమ్మకూడదు అన్నది దానికి చెప్పిన కారణం. కొనేవాడు కొనేది పొలాన్ని కాదు, సునాదం వచ్చేలోగా మిగిలిన పంటలను. పదేళ్లుంటే పది పంటల ధర.

ఇదే అధ్యాయంలో పరదేశుల నుంచి దాసులను కొని తరతరాలకూ ఉంచుకోవచ్చన్న మాటా ఉంది. గొత్తి చూసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, దాన్ని చూడనట్టు పేజీ తిప్పలేం.

సునాదం నిజంగా ఏనాడైనా జరిగినట్టు బైబిలు చరిత్ర పుస్తకాల్లో ఒక్క కథా లేదు. మా చట్టాలకూ ఆ గతి పట్టకపోలేదు. ఏజెన్సీలో కొండజాతులవారి భూమి బయటివారికి పోకూడదని 1917లోనే చట్టం ఉంది. భూములు పోతూనే వచ్చాయి. 1959లో మొదటి రెగ్యులేషన్ వచ్చింది. దాన్ని సవరించిన 1970 నాటి రెగ్యులేషన్, మనం 'వన్ ఆఫ్ సెవెంటీ' అంటామే అది, గట్టిగా బిగించింది. అమ్మేవాడు ఎవరైనా సరే, గిరిజనేతరుడికి అమ్మితే చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని ముందు అనుకోవాలి, కాదని రుజువు చేసుకోవాల్సింది అతనే. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రభుత్వం కూడా ఆ చట్టం దృష్టిలో ఒక వ్యక్తే, అదీ గిరిజనేతరులకు లీజు ఇవ్వకూడదు అంది. భూమి రాజుది కూడా కాదన్నమాట. నాబోతు ద్రాక్షతోట కథ తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

అయితే పరదేశి సంగతేమిటి? మా కొండల మీదికి కూలికొచ్చి రెండు మూడు తరాలుగా ఉంటున్న బీద కుటుంబాలున్నాయి. వాళ్ల పేరు మీద సెంటు భూమి ఉండదు. లేవీయకాండం పరదేశికి పరిగె ఇచ్చింది, సమాన తీర్పు ఇచ్చింది, నీలాగే ప్రేమించమంది, వంశపు భూమి మాత్రం ఇవ్వలేదు. ఇంతవరకు మాకు అనుకూలంగానే ఉంది. కానీ తర్వాతి కాలపు యెహెజ్కేలు నలభై ఏడో అధ్యాయంలో, మీ మధ్య పిల్లల్ని కన్న పరదేశులకూ భూమిలో పాలు ఇవ్వమన్నాడు. ఈ మాట మీద మా గదిలో రెండు రాత్రులు గొడవ నడిచింది. తలుపు కొంచెం తీస్తే ముందు దూరేది బీదవాడు కాదు, అతని పేరు పెట్టుకున్న షావుకారు అని మాలో చాలామంది వాదం. మేమూ ఆ వైపే. కానీ ఎదుటివాళ్ల మాట కొట్టిపారేయలేకపోయాం.

ఘాట్ దిగాక ఈ చట్టాలేవీ ఉండవు. లేవీయకాండంలోనూ ఇలాంటి గీత ఒకటుంది. ప్రాకారం లేని పల్లెలో ఇల్లు పొలం కిందే లెక్క, సునాదంలో తిరిగి వస్తుంది. ప్రాకారమున్న పట్నంలో ఏడాదిలోగా విడిపించుకోకపోతే శాశ్వతంగా పోయినట్టే. దువ్వాడ పక్కనే ఉక్కు ఫ్యాక్టరీ ప్రహరీ ఉంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాక, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఫ్యాక్టరీ అది. దానికోసం 64 గ్రామాలవాళ్లు భూములు వదిలారు. ఇంటికో ఉద్యోగం అనుకుని ఆర్ కార్డులు పట్టుకున్న కుటుంబాల్లో చాలామంది ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నారు. 2021 జనవరి 27న ఫ్యాక్టరీని పూర్తిగా ప్రైవేటుకు అమ్మేందుకు కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరం వెలిసింది. అక్కడ కూర్చున్న ఒక నిర్వాసిత రైతు మమ్మల్ని అడిగాడు: "ఊరందరి కోసమని ఇచ్చాం బాబూ. ఇప్పుడు ఒకడికి అమ్మితే, మా పొలం మాకు రాదా?"

మా కొండ మీద అయితే ఆయనకు చెప్పడానికి ఒక చట్టం నంబరు ఉండేది. ఆయన మాకు టీ ఇప్పించాడు.

మావాడి కూలిలో రెండు నెలలది వచ్చింది. మూడో నెలది ఇంకా రావాలి.